ఎప్పటిదాకా గారి పెన్ను మూత

మా ఆఫీసులో సీనియర్ ప్రోగ్రామర్‌ని అందరం ‘ఎప్పటిదాకా గారు’ అంటాం. ఆయన్ని ఏదడిగినా మూడు ప్రశ్నలు వేస్తారు: ఏమిటి, ఎందుకు, ఎప్పటిదాకా. జవాబులు చీటీ మీద రాసి, సంతకం పెట్టి, నకలు డ్రాయర్లో దాచుకుని, అప్పుడిస్తారు. పెన్ను అడిగితే పెన్నే ఇస్తారు, మూత ఇవ్వరు. "రాయడానికి మూతెందుకోయ్?" అంటారు. నిజమే, ఎందుకు? నాకూ తెలియలేదు.

ఓసారి పంటి డాక్టరు దగ్గరికి ఆయనకు తోడు వెళ్ళాను.

"ఏ పన్ను? ఎందుకు? ఎంతసేపు?" అన్నారు కుర్చీలో కూర్చుని.

"అన్నీ చూస్తానండీ," అన్నాడు డాక్టరు.

"నొప్పి ఒక్కదానికేగా!" అని నోరు మూసేశారు. డాక్టరు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

నేను చేరిన రెండో నెలలో ఒక గ్రంథాలయం వెబ్‌సైటు నా నెత్తిన పడింది. పాఠకులు కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోనక్కర్లేకుండా, తమకున్న ఈమెయిల్ ఖాతాతోనే లోపలికి రావాలట. ఖాతా ఎవరిది, తలుపు ఎవరిది, తాళం ఎవరి దగ్గర? నా తల గిర్రున తిరిగింది.

"తాళం నీకెవరూ ఇవ్వరోయ్," అన్నారాయన. "ఈయనెవరండీ అని నువ్వు ఈమెయిల్ కంపెనీని అడుగుతావు. ఆ పాఠకుడు సరేనంటే వాళ్ళు పేరు చెప్పి, కాసేపటికి చెల్లిపోయే చీటీ ఒకటిస్తారు. అంతే."

"మీ చీటీల్లాగానా?"

"నా చీటీలే నయం. చదవొచ్చు."

అర్థమైనట్టు తలూపాను. అదే నా కొంప ముంచింది.

పన్ను పీకించుకోవడానికి సెలవు పెడుతూ నాకో చీటీ ఇచ్చారు: ‘ఏమిటి: సైటు విడుదల. ఎందుకు: నేనుండను. ఎప్పటిదాకా: రేపు సాయంత్రం ఆరు.’ తీరా విడుదల చేయబోతే, పాఠకుల ఈమెయిల్ ఖాతాల్లో ఏమేం చూడటానికి అనుమతి అడగాలంటూ పెద్ద జాబితా! ఏది వదిలేస్తే ఏం ఆగిపోతుందో ఏమోనని అన్నిటికీ టిక్కు పెట్టేశాను.

మర్నాడు పదింటికి ఒక రిటైర్డ్ టీచరమ్మ ఫోను. "ఏం నాయనా, పుస్తకం కావాలంటే నా ఉత్తరాలన్నీ చదువుతారా? మా మనవరాలి ఫోటోలు మీకెందుకు?"

పదకొండుకల్లా మేనేజరు గదిలో ఉన్నాను. "ఇవాళే నిన్ను ఇంటికి పంపేస్తా!" అని అరిచాడు. ఇంట్లో ఏం చెప్పను?

అంతలో బుగ్గ వాచిన ఎప్పటిదాకా గారు వచ్చి, చీటీ నకలు బల్లమీద పెట్టారు. "చెయ్యి ఇతనిది, సంతకం నాది. అర్థమైందో లేదో చూడకుండా పని అప్పజెప్పాను. పంపిస్తే నన్ను పంపండి."

మేనేజరు తెల్లబోయాడు. "ఏమిటిది? ఎందుకండీ మీరు...?"

ఎప్పటిదాకా అని కూడా అడగండి సార్ అనబోయి నాలిక్కరుచుకున్నాను.

"సరే, మధ్యాహ్నంలోగా బాగుచేసి తగలడండి," అన్నాడు మేనేజరు.

బయటికొచ్చి ఆయన డ్రాయరు తెరిచారు. కట్టలు కట్టలు చీటీలు. ఒక్కదానిమీదా తీసుకున్నవాళ్ళ సంతకం లేదు, అన్నీ ఆయనవే. ఇన్నాళ్ళూ అవి మా మీద సాక్ష్యాలనుకున్నాను. ఛీ, నా బుద్ధి!

"ఇచ్చింది నేనేగా. తిట్లు కూడా నాకే రావాలి," అన్నారు.

పక్కన కూర్చుని ఒక్కో టిక్కుకీ "ఎందుకు?" అని అడుగుతూ అన్నీ తీయించారు. చివరికి పేరొక్కటే మిగిలింది. ఇక టీచరమ్మకు క్షమాపణ ఉత్తరం రాయాలి. భయపడుతూ పెన్ను అడిగాను. ఇచ్చారు. ఏ ప్రశ్నా వేయకుండా, మూతతో సహా!

"ఎప్పటిదాకా సార్?"

"పంటి నొప్పితో చస్తుంటే ప్రశ్నలేమిటోయ్? రాయి."