మూసిన గదిలో బంతి

మా అక్క కొడుకుని చుట్టాలందరూ మునీశ్వరుడంటారు. పది అడిగితే ఒక మాట రాలదు. లిఫ్టులు బాగుచేసే పని వాడిది. నలభై దాటాయి, పెళ్ళి లేదు. మా అక్క పోయినప్పటినుంచీ మా మేడమీద గదిలో ఉంటున్నాడు. ఇనుప నిచ్చెనలెక్కీ దిగీ మోకాళ్ళు అరిగిపోయాయి. కూర్చుని చేసే పని ఒకటుంది, లిఫ్టుని నడిపే కంప్యూటర్లని పరీక్షించేది. దానికి చదువు కావాలన్నారు. సాయంకాలం కాలేజీలో చేరాడు. ఆ చదువు గట్టెక్కకపోతే వీడికి కాళ్ళూ లేవు, కూడూ లేదు.

ఒకరోజు కంచం పట్టుకుని పైకెళ్ళాను. బల్లమీద నిలువుగా గాజు గొట్టం, దాని కింద చిన్న ఫ్యాను, గొట్టంలో తేలుతూ ప్లాస్టిక్ బంతి.

"ఏంట్రా, ఈ వయసులో బంతాటలా?"

"ఫ్యాను గాలికి బంతి లేస్తుంది పిన్నీ. గొట్టం పైనున్న సెన్సరు కన్ను అదెక్కడుందో చూసి కంప్యూటరుకి చెబుతుంది. బంతి పైకిపోతే గాలి తగ్గిస్తుంది, కిందికొస్తే పెంచుతుంది. ఈ గీత దగ్గరే నిలబెట్టాలి."

"మీ అమ్మ నీమీద చేసిన పనేగా! దానికి కంప్యూటరెందుకు?"

"అమ్మ ఎప్పుడూ చూస్తూనే ఉండేది. ఇది ఆగి ఆగి చూస్తుంది. మధ్యలో గుడ్డిదే."

వాడి నోట ఒక్కసారే అన్ని మాటలు వినడం నాకదే మొదలు. ఉక్కగా ఉందని పైన ఫ్యాను వెయ్యబోయాను.

"వద్దు, బంతి చెదురుతుంది."

కిటికీ కూడా మూసే ఉంది. కంచం పెట్టి వచ్చేశాను.

కాలేజీలో పరీక్షనాడు ఆ గొట్టాన్ని పసిబిడ్డలా చుట్టుకుని వెళ్ళాడు. ముఖం వేలాడేసుకుని వచ్చాడు. అక్కడ గదినిండా మనుషులట, తలుపు తీస్తూ వేస్తూ ఉన్నారట, నెత్తిన పెద్ద ఫ్యానట. బంతి పిచ్చెక్కినట్టు ఎగిరిపడిందట. ఇంకొక్కసారి రమ్మన్నారు. అదీ పోతే ఇంటికే.

తిండి ముట్టలేదు. మర్నాడు వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. అలా నిలబడే ఉన్నాడు.

"ఉప్పు కావాలా, నిప్పు కావాలా? నోరు తెరువు."

"పిన్నీ... కాసేపు పైకొచ్చి కూర్చుంటావా? అటూ ఇటూ తిరుగు. మాట్లాడు."

"నన్ను మాట్లాడమని అడిగిన మొదటి మగాడివి నువ్వేరా! మీ బాబాయి బతికుంటే ముక్కున వేలేసుకునేవాడు."

వాడు నవ్వలేదు. "ఆ గదిలోకి ఎవరూ రారు కదా. కదలని గాలిలో కుదిర్చాను. మనుషులుంటే ఎలా ఉంటుందో నాకు తట్టనే లేదు."

పొయ్యి కట్టేశాను. మెట్లెక్కాను.

కిటికీ తీశాను, ఫ్యాను వేశాను, వాడి దుప్పటి తీసి గొట్టం పక్కనే టపటపా దులిపాను. బంతి లేచి పైన కొట్టుకుని కిందపడింది. వాడు కంప్యూటర్లో అంకెలు మార్చాడు.

"మళ్ళీ దులుపు పిన్నీ."

తొందరపడి సరిదిద్దితే బంతి ఊగుతుందట, బద్ధకిస్తే పడిపోతుందట. వాడు అంకెలు మార్చడం, నేను చుట్టాలందర్నీ పేరుపేరునా తిడుతూ గదంతా తిరగడం. రోజూ రాత్రి మా ఇద్దరికీ అదే పని. చివరికి ఎంత దులిపినా బంతి ఒకసారి తుళ్ళి, మళ్ళీ గీత దగ్గరికే వచ్చి నిలబడింది.

రెండో పరీక్షలో గట్టెక్కాడు. కూర్చునే పని ఇచ్చారు. ఆ గొట్టాన్ని కాలేజీవాళ్ళే ఉంచేసుకున్నారు.

ఆనాటినుంచీ పైన కిటికీ మళ్ళీ మూతపడింది. కింద నేనూ, నా పొయ్యీ. ఓ సాయంత్రం ఉండబట్టలేక దుప్పటి చంకన పెట్టుకుని పైకెళ్ళాను. తలుపు తీశాడు. బల్ల ఖాళీ.

"బంతి లేదు కదా పిన్నీ."

"నా కళ్ళు బాగానే ఉన్నాయిరా. జరుగు."

కుర్చీ నాకు వదిలి మంచంమీద కూర్చున్నాడు. కాసేపటికి లేచి కిటికీ తీశాడు.