జ్వరం ఉందా అని అడగలేదు

ఆ రోజు నాట్లు వేస్తూ పద్మ మూడోసారి గట్టు ఎక్కేసరికి నాకు ఒళ్లు మండింది. పద్మ నా తోటికోడలు. మాది దేవసూగూరు వైపు పల్లె. నాట్ల కాలంలో పన్నెండు మంది ఆడవాళ్లను వెంటేసుకుని బాళగనూరు దగ్గరికి గుత్త పనికి పోతాను. అందరం ఒకే వరుసలో నాటుకుంటూ వెనక్కి జరగాలి. ఆ వరుసను మునుం అంటాం. ఒక్కరు లేచినా మునుం తెగుతుంది, ఆమె వంతు పక్కవాళ్ల మీద పడుతుంది.

"ఏందే, గడియకోసారి గట్టెక్కుతున్నవ్? నీ వంతు నీ మొగుడొచ్చి నాటుతడా?" అన్నాను. అందరూ నవ్వారు. పద్మ తల వంచుకుని మళ్లీ బురదలోకి దిగింది.

మధ్యాహ్నం పద్మకు విరేచనాలని తెలిసి నేనే మెడికల్ షాపుకు పోయి అవి ఆపే మాత్రలడిగాను.

"జ్వరముందామ్మా? రక్తంగానీ పడుతోందా?" అన్నాడు షాపాయన.

"అట్లాంటిదేం లేదు, ఇయ్యి" అన్నాను. పద్మను నేను ఆ మాట అడగనే లేదు.

రెండు రోజులు మాత్రలు మింగించి పని చేయించాను. విరేచనాలు ఆగాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. మూడో రోజు పద్మ, పొట్ట నిండు గర్భిణి పొట్టలా ఉబ్బి, ఒళ్లు కాలిపోతూ, మడిలోనే కూలబడింది.

రాయచూరు ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మ మొహం మాడ్చుకుంది. "టాక్సిక్ మెగాకోలన్, పెద్దపేగు ఉబ్బిపోయి విషమెక్కింది. బయటికి పోవాల్సిన ఇన్ఫెక్షన్‌ను లోపలే ఆపేశారు. ఎవరిచ్చారు ఆ మాత్రలు?"

"షాపాయన ఇచ్చిండు మేడం. ఏమీ అడగలే."

పద్మ కళ్లు మూసుకుని ఉంది. విన్నదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మలం పరీక్షలో షిగెల్లా అనే బ్యాక్టీరియా ఉందని వచ్చింది. ఐవీ యాంటీబయాటిక్స్ ఎక్కుతుండగానే పేగుకు చిల్లు పడింది. పెద్దపేగు తీసేసి, చిన్నపేగు కొసను పొట్ట మీదికి తెచ్చి మలం పడేందుకు బ్యాగు పెట్టారు. కుట్ల దగ్గర చీము పట్టి మళ్లీ ఐసీయూలో పడింది. బతుకుతుందని ఎవరూ చెప్పలేదు. వార్డుకు తెచ్చాక బ్యాగు నేనే ఖాళీ చేసేదాన్ని. మొదటిసారి ముక్కు మూసుకున్నాను.

"మూసుకోకక్కా, నాకు సిగ్గయితది" అంది.

కొన్ని నెలలకు మళ్లీ ఆపరేషన్ చేసి పేగు కలిపారు, బ్యాగు పోయింది. "పెద్దపేగు లేదు కాబట్టి రోజుకు ఆరేడుసార్లు వెళ్లాల్సి వస్తుంది, ఇక ఇంతే" అంది డాక్టరమ్మ.

ఈ ఏడు నాట్లకు ఆటో ఎక్కుతుంటే పద్మ మూట పట్టుకుని వచ్చింది. ఆడవాళ్లంతా నా మొహం చూశారు.

"నిన్ను తీస్కపోతే మునుం సాగదే" అన్నాను. అన్నది నేనే, ఇంకెవరో కాదు. ఆ మాట నాకే గుచ్చుకుంది, అయినా తప్పు ఆమె మీదికి తోయబోయాను. "జ్వరమొచ్చింది, రక్తం పడుతుందని అప్పుడే చెప్పొద్దా నాకు?"

"నువ్వు అడగలే అక్కా" అని మూట తీసుకుని ఇంటికి పోయింది. ఇప్పుడు ఆమెను ఏ గుంపూ పనికి పిలవడం లేదు.

విరేచనాలతో పాటు జ్వరమో రక్తమో ఉంటే ఆపే మాత్ర జోలికి పోకండి. ఓఆర్ఎస్ తాగుతూ వెంటనే డాక్టరు దగ్గరికి పోండి. ఎవరు ఏది అడిగినా జవాబు రోగినే చెప్పనివ్వండి. నాలాంటిది పక్కన ఉంటే నోరు మూయించండి.