మీసాల మనిషి ఫోటో మీద నా సంతకం

గుడివాడ వైపు నేను చరిత్ర పాఠాలు చెప్పిన కాలేజీలో కబడ్డీ నేర్పిన మాస్టారు రిటైరయ్యాక ఒక పుస్తకం రాశారు. మా కాలేజీ గెలిచినవన్నీ దొంగ కప్పులని, మా విద్యార్థుల పేర్లతో బయటి ఆటగాళ్లను దింపామని, అది తన చేతుల మీదుగానే జరిగిందని అందులో ఒప్పుకున్నారు. దాన్ని అచ్చు వేయబోయే ఆయన బందరులో మా ఇంటికి వచ్చి రాతప్రతి నా చేతిలో పెట్టారు.

"మీరూ అక్కడే చేశారు కదండీ. ఈయన్ని నమ్మొచ్చో లేదో మీరు చెప్తేనే వేస్తాను" అన్నారు.

నాకు తగిన పనే అనుకున్నాను. లోపలివాడు రాశాడు కాబట్టి అంతా నిజమేనని నేను నమ్మను. ఫైనల్ గుడివాడలో జరిగిందని రాశారు, కాదు, బందరులో. ప్రిన్సిపాల్ తనను బెదిరించారట! ఆ మహానుభావుడు అటెండర్ని కూడా గట్టిగా అనలేడు. పుస్తకం తేలిపోతుందని లోలోపల సంబరపడ్డాను కూడా.

ఆ తర్వాతి పేజీలో కబడ్డీ పోటీలకు పంపిన ఒక ఎంట్రీ ఫారం నకలు ఉంది. పేరు బంటుమిల్లి నుంచి వచ్చే నా విద్యార్థిది. ఫోటోలో ఉన్నది ఎవరో మీసాల మనిషి. సగం ఆ మొహం మీద, సగం కాగితం మీద పడిన సంతకం నాది.

ఫోటోలో ఉన్నది మా విద్యార్థేనని ధ్రువీకరించే సంతకాలకు ఆ ఫారాలు కట్టగా వచ్చేవి. టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని, అంచులు మాత్రం ఎత్తుతూ ఆకుపచ్చ సిరాతో గీకేసేదాన్ని. స్టాఫ్ రూములో అందరం అంతే. తోటి మాస్టారు తెచ్చిన కాగితాన్ని పరీక్షగా చూస్తే ఆయన్ని అవమానించినట్టే అనుకునేవాళ్లం.

నకలు కింద ఆయన రాసింది చదివాను. "సంతకం పెట్టిన మేడమ్‌కు ఏమీ తెలియదు. ఆవిడను మభ్యపెట్టాను." హమ్మయ్య అనుకున్నాను. మరుక్షణం ఆ విద్యార్థి గుర్తొచ్చాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

వాడు బాగా ఆడేవాడు. ఆ పోటీల్లో రాణిస్తే యూనివర్సిటీ జట్టులో చోటు వస్తుందని ఆశ పెట్టుకున్నాడు. అవి అయిపోయాక నా దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, నా పేరు మీద ఇంకెవరో ఆడారండీ. నన్ను బస్సు కూడా ఎక్కనివ్వలేదండీ."

"కప్పు గెలిచి, చేతికి సర్టిఫికెట్ వచ్చాక ఈ ఏడుపేంట్రా? మాస్టారి మీద చాడీలు చెప్తావా? పో!" అన్నాను.

వెళ్లిపోయాడు. పరీక్షలకు కూడా రాలేదు. ఎందుకు రాలేదని నేను ఎవరినీ అడగలేదు.

మాస్టారికి ఫోన్ చేశాను. "వాడు నాతో చెప్పిన సంగతి మీకు తెలుసా?"

"తెలుసండీ. మీరు తిట్టాక నా దగ్గరికే వచ్చి ఏడ్చాడు. ఈ వయసులో మీ పరువు తీయడం ఎందుకని రాయలేదు."

ఎవరి రాతలో నేను తప్పులు వెతుకుతూ కూర్చున్నానో ఆ మనిషే నా తప్పును దాచిపెట్టాడు!

అచ్చు వేసే ఆయన మర్నాడు వచ్చారు. "నమ్మొచ్చాండీ?"

"ఊరి పేరు పొరపాటు. ప్రిన్సిపాల్ సంగతి కాస్త ఎక్కువ చేసి చెప్పడం. పచ్చి అబద్ధం ఒక్కటే ఉంది" అని నా సంతకం ఉన్న పేజీ తీసి, 'మేడమ్‌కు ఏమీ తెలియదు' అన్నచోట వేలు పెట్టి చూపించాను. అక్కడ నా మాటగా వేయమని రెండు వాక్యాలు రాసిచ్చాను.

"ఆ విద్యార్థి వచ్చి నాకు చెప్పాడు. నేను నమ్మలేదు."