మా ఆయన పేకాట ఉద్యోగం

మా ఆయన రాధాకృష్ణ ఎనిమిదేళ్ళు పేకాడి మమ్మల్ని పోషించాడు. ఈ మాట వింటే మనవాళ్ళు ఇప్పటికీ నోరు వెళ్ళబెడతారు. వెళ్ళబెట్టనీండి! నా భయం పరువు గురించి కాదు. మా పెదనాన్న పేకాటకి కూర్చుంటే ఇంట్లోంచి చావు కబురొచ్చినా లేచేవాడు కాదు. పొలమంతా ఊడ్చుకుపోయాక గానీ లేవలేదు. కట్టుకున్నవాడు కూడా అలా కూర్చుండిపోతే నా గతేంటి?

1979లో విమానాల ఫ్యాక్టరీలో ఆయన డ్రాయింగులు గీసే డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం పోయింది. మేముండేది లాస్ ఏంజిలస్ పక్కన గార్డీనాలో. అక్కడ పేకాట క్లబ్బులు చట్టప్రకారమే నడిచేవి. పోకర్ ఆడి బతుకుదామన్నాడు. ఎంత మొత్తుకున్నా వినలేదు. వెళ్ళడం, ఓడిపోయి రావడం, అదే వరస.

ఒక మధ్యాహ్నం ఒళ్ళు మండి, పాపను పక్కింటి ఉషకి అప్పజెప్పి, రెక్క పట్టుకుని లాక్కొద్దామని క్లబ్బుకి వెళ్ళాను. కమ్మీల ఇవతల నిలబడి ఆట చూశాను. చేతికి ఐదు ముక్కలు. అక్కర్లేనివి పారేసి కొత్తవి తీసుకుని పందెం కాయాలి. ఈ మహానుభావుడు వచ్చిన ప్రతి ముక్కనీ, మన రమ్మీలోలాగా, వరసలో దాని చోట దోపుతున్నాడు! ముక్క మధ్యలో దూరిందా, వరస కుదిరినట్టే. చివర్న పడిందా, కుదరనట్టే. ఎదురుగా ఉన్న తెల్లాయన ఈయన వేళ్ళు చూసి పందెం కాస్తున్నాడు.

నోరు మూసుకుని వచ్చేస్తే నాలుగు రోజులు ఓడి తనే మానేసేవాడు. నాకు కావలసిందీ అదే. కానీ పెళ్ళిళ్ళలో పేకముక్కల మధ్యే పెరిగిన దాన్ని, అంత చెత్తాట చూసి ఊరుకోవడం నావల్ల కాదు. ఆయన్ని లేపి తీసుకొచ్చి, కారెక్కగానే మొదలుపెట్టాను.

“మీకు పేకాట నేర్పిందెవరండీ? ముక్క చేతికి రాగానే సర్దేస్తారేంటి? ఆ తెల్లాయన మీ చేతిని పేపర్‌లా చదివేస్తున్నాడు!”

ఆయన కారు పక్కకి ఆపేశాడు. నా వైపు తిరిగి, “నా బదులు నువ్వే ఆడకూడదూ శశీ?” అన్నాడు.

“వేళాకోళం చాలు. ఓడినా గెలిచినా చీకటి పడేలోగా లేచి ఇంటికి రావాలి. అలా అయితేనే ఆడండి.”

“ప్రామిస్,” అన్నాడు.

ఆ మర్నాటి నుంచి ముక్కలు వచ్చినవి వచ్చినట్టే పట్టుకునేవాడు. నెమ్మదిగా నిలదొక్కుకున్నాడు. పొద్దున్నే పెరుగన్నం డబ్బా పట్టుకుని, ఆఫీస్‌కి వెళ్ళినట్టే వెళ్ళేవాడు. గుళ్ళో ఎవరైనా అడిగితే ‘బిజినెస్’ అనేదాన్ని. ఇల్లు గడిచింది, పాప చదువు సాగింది. నేను మాత్రం రోజూ ఆయన కారు చప్పుడు వినపడేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేదాన్ని.

1987లో ఒకరోజు భోజనాల వేళకే వచ్చేశాడు. ముఖం పాలిపోయి ఉంది.

“ఏమైందండీ? అంతా పోయిందా?”

“లేదు, కొంచెమే పోయింది. కానీ లేవబుద్ధి కాలేదు శశీ. రాత్రి దాకా కూర్చుని మొత్తం రాబట్టాలనిపించింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా అనిపించలేదు. ఏదో ఒకరోజు అనిపిస్తుందని రోజూ భయపడుతూనే వెళ్ళాను. ఇవాళ అనిపించింది. ఇక రానని చెప్పేసి వచ్చాను. మన గుళ్ళో కలిసే రాజ్ తన మెషీన్ షాప్‌లో డ్రాయింగ్ పని ఉందన్నాడు కదా, ఫోన్ చేస్తాను.”

ఎనిమిదేళ్ళూ ఆ భయాన్ని నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. “ఈ ముక్క ముందే చెప్పి ఏడవచ్చు కదా!” అని కసిరి, అమ్మయ్య అనుకుంటూ ఆయన పక్కనే కూలబడి తనివితీరా ఏడ్చాను.