వంటావార్పు దగ్గర పడ్డ సైకిలు

సకల జనుల సమ్మె రోజుల్లో నేను సంతోషంగా ఉన్నాను. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం కాస్త తేలిక. అప్పుడు బడులు మూతపడ్డాయి, బస్సులు డిపో దాటలేదు, బొగ్గు బాయిల్లో పని ఆగిపోయింది. ఎవరి ఇల్లు ఎట్లా గడుస్తోందో వాళ్లకే తెలియాలి. మహబూబాబాద్‌లో నేను సర్కారు బడి పంతుల్ని, కాబట్టి నేనూ సమ్మెలోనే ఉన్నాను. పొద్దున శిబిరంలో కూర్చుని గొంతు పోయేదాకా నినాదాలిచ్చేవాణ్ని. ఇంటికి రాగానే సైకిలు బయటికి తీసేవాణ్ని. లారీ లేదు, హారన్ లేదు, పొగ లేదు. అంతమంది రాష్ట్రం కోసం రోడ్డెక్కితే నేను రోడ్డు ఖాళీగా దొరికిందని ఎక్కాను.

సైకిలంటే అటక మీద దుమ్ము పట్టే సైకిలు కాదు. లావు టైర్లు, గేర్లు, రాళ్ల మీదా గుట్టల మీదా తొక్కడానికి చేసిన బండి. చిన్నప్పుడు జనగామలో అద్దె సైకిలు గంట గడవకముందే తిరిగివ్వాల్సి వచ్చినప్పుడల్లా ఏడ్చినవాణ్ని. ఆ కసి అంతా పెళ్లయి పిల్లలు పుట్టాక తీర్చుకున్నాను. ఈ పిచ్చిలో నాకు తోడు మా బావమరిది. వాడు భూపాలపల్లిలో బొగ్గు బాయిలో పనిచేస్తాడు. సెలవు దొరికితే చాలు, అడవి దారులు పట్టుకుని మహదేవపూర్ దాకా పోయి వచ్చేవాడు.

సమ్మెకు కొన్నాళ్ల ముందు వాడు హైదరాబాద్ నుంచి కొత్తరకం పెడళ్లు తెప్పించాడు. క్లిప్‌లెస్ పెడల్స్ అంటారు. వాటికి వేరే బూట్లుంటాయి, బూటు అడుగున చిన్న ఇనుప బిళ్ల. దాన్ని పెడల్ మీద పెట్టి తొక్కితే టక్కుమని ఇరుక్కుంటుంది. ఇక కాలు జారదు. గుట్ట ఎక్కేటప్పుడు ఒక కాలు తొక్కుతుంటే రెండోది పెడల్‌ను పైకి లాగుతుంది. తీయాలంటే మాత్రం కాలు పైకెత్తితే రాదు, ముందుకు లాగినా రాదు. మడమను బయటికి తిప్పాలి. చెప్పుకుంటే ఇంతే. కానీ పడిపోయే క్షణంలో మనిషికి మడమ గుర్తుకురాదు.

బావమరిదికి మొదటి రోజే గుర్తుకురాలేదు. బాయి గేటు ముందు ఆగబోయి, నిలుచున్నచోటే సైకిలుతో సహా పక్కకు ఒరిగిపోయాడట. డ్యూటీ దిగి వస్తున్నవాళ్లు కళ్లు తిరిగి పడ్డాడనుకుని మొహాన నీళ్లు కొట్టారట. మళ్లీ మామూలు పెడళ్లు బిగించుకుని, వీటిని సంచిలో వేసి నాకిచ్చాడు. ఇస్తూ ఒక్క మాట చెప్పాడు.

"ఆగుదామనుకున్నప్పుడే మడిమె తిప్పాలె బావ. ఆగినంక తిప్పుతనంటే అయ్యేది కాదు."

నేను ఇంటి గోడ పట్టుకుని నేర్చుకున్నాను. వాకిట్లో రెండుసార్లు పడ్డాను. మా ఆవిడ ముగ్గు చెడగొట్టినందుకు తిట్టింది, ఆ తర్వాత నవ్వింది. కొన్నాళ్లకు కాలు దానంతటదే తిరగడం మొదలైంది. దాంతో నాకు పొగరెక్కింది. కావాలని జనం ఉన్నచోటే ఆగి, టక్కుమనిపించి, వాళ్లు బూట్ల వైపు చూస్తే లోలోపల మురిసిపోయేవాణ్ని.

ఆ రోజు దంతాలపల్లి వైపు పోతున్నాను. తండా మలుపు దగ్గర వంటావార్పు జరుగుతోంది. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా అదే. నడిరోడ్డు మీద రాళ్లు పేర్చి పొయ్యి పెట్టడం, ఇంటింటి నుంచి తెచ్చిన బియ్యం అక్కడే వండటం, అక్కడే కూర్చుని తినడం. మోటారు బండ్లను ఆపేవాళ్లు. సైకిలోణ్ని ఆపేవాళ్లు కాదు గానీ, నినాదం ఇవ్వకుండా, ఒక ముద్ద తినకుండా పోనిచ్చేవాళ్లూ కాదు. నన్ను చూడగానే పిల్లలు జై తెలంగాణ అన్నారు. పిడికిలి ఎత్తకుండా ఎట్లా ఉంటాం? ఎత్తాను. ఒక చెయ్యి గాల్లో, ఒక చెయ్యి బ్రేకు మీద. కళ్లన్నీ నా మీదే ఉన్నాయన్న సోయి తప్ప మడమ సోయి లేదు. సైకిలు ఆగింది. కాళ్లు రాలేదు.

పొయ్యికి ఇవతల ఒక అవ్వ పెద్ద గుండిగను వంచి గంజి వారుస్తోంది. నేను సరిగ్గా అటే ఒరిగాను. హ్యాండిల్ గుండిగకు తగిలింది. అది నా మొహం మీదికి దొర్లవలసింది. అవ్వ చేతిలోని మసిగుడ్డ వదిలేసి, వట్టి కుడిచేత్తో గుండిగ అంచును అటువైపు నెట్టి పట్టింది. మరుగుతున్న గంజి ఆమె చేతి మీదుగా కారింది. నా మీద చుక్క పడలేదు.

కాళ్లూ చేతులూ ఆడలేదంటాం గదా, నాకు నిజంగానే కాళ్లు ఆడలేదు. వెల్లకిలా పడి, రెండు పాదాలూ సైకిలుకు అతుక్కుని, కాళ్లు విదిలిస్తుంటే సైకిలు కూడా విదిలించుకుంటోంది. అవ్వ చెయ్యి పట్టుకుని కూలబడింది, నేను లేవలేను. ఆఖరికి ఎవరో నా బూట్ల తాళ్లు విప్పి పాదాలను బయటికి లాగారు. బూట్లు పెడళ్లకే ఉండిపోయాయి. నేను వట్టి కాళ్లతో ఆమె ముందు నిలబడ్డాను. 

ఆమెను దవాఖానకు తీసుకుపోతానన్నాను. నా సైకిలుకు క్యారేజీ లేదు. అవ్వ కోడలు దాన్ని ముందు నుంచి వెనుక దాకా చూసి, మనిషిని ఎక్కించుకోరాని సైకిలు ఎందుకు సార్ అంది. తిట్టలేదు, నిజంగానే అడిగింది. అవ్వను ఎవరో మోపెడ్ మీద తీసుకుపోయారు. నేను వెనకాల తొక్కుకుంటూ పోయేసరికి చెయ్యి వాచింది. గాజులు తీయరాక కత్తిరించేశారు. ఆమె పెనిమిటి గుమ్మం బయటే కూర్చుని ఉన్నాడు. అవ్వ అటు తిరిగి, ఆయన ఉన్నాడో లేడో చూసుకుంది. ఆ చూపు చూసి నాకు అక్కణ్నుంచి పారిపోవాలనిపించింది.

అప్పుడే పత్తి పగులుతోంది. వాళ్ల తండాలో ఏరడానికి కూలీలను పెట్టరు, బదులు పోతారు. ఇయ్యాల నీ చేనుకు నేనొస్తే, రేపు నా చేనుకు నువ్వు రావాలి. అవ్వ చేను మొదటి ఏరుడు అప్పటికే అందరూ వచ్చి ఏరిపెట్టారు. ఇప్పుడు ఆమె వాళ్ల చేన్లకు పోవాలి. పోకపోతే రెండో ఏరుడుకు ఎవరూ రారు. మబ్బు పట్టి ఒక్క వాన కొట్టిందంటే పగిలిన పత్తంతా నల్లబడి చేన్లోనే పోతుంది. ఇదంతా కోడలు చెప్పింది. అవ్వ మాత్రం చెయ్యి నయమైతది లే బిడ్డా అని ఊరుకుంది.

ఆమె బదులు నేను పోతానన్నాను. తండా అంతా నవ్వింది. సమ్మెలో ఉన్న సారు పత్తి ఏరుడేందని ఒకాయన మందలించాడు కూడా. అయినా పోయాను. ఏరిన పత్తి వేసుకునే ఒడి కట్టుకోవడం రాక కోడలితో కట్టించుకున్నాను. పగిలిన కాయ మొనలు గోళ్ల కింద గుచ్చుకునేవి. పక్క సాలు ఆడవాళ్లు గట్టు దాకా పోయి తిరిగి వస్తుంటే నేను నడిమధ్యలోనే ఉండేవాణ్ని. దూదితో పాటు ఎండాకు కూడా ఏరుతున్నానని తిట్లు పడ్డాయి. వాళ్లు తమ లంబాడీ భాషలో ఏదో అనుకుని నవ్వేవాళ్లు. నాకు అర్థం కాదు. నా మీదేనని, అనవలసినవే అంటున్నారని అనుకునేవాణ్ని. ఒకరోజు ఉండబట్టలేక కోడలిని అడిగాను. సారు పొద్దటి నుంచి నీళ్లు తాగలేదు, అడగడానికి సిగ్గుపడుతున్నడు, ఎవరన్నా ఇయ్యిండ్రి అంటున్నారట. తిట్టి ఉంటే బాగుండేది.

రెండో ఏరుడుకు అందరూ అవ్వ చేనుకు వచ్చారు. వాన కూడా రాలేదు. పంట ఇల్లు చేరింది. బావమరిది ఫోన్లో, ఇగ నీ తప్పు తీరింది బావా, జర నిమ్మళంగ ఉండు అన్నాడు. మా ఆవిడా అదే అంది. నేనూ అట్లా అనుకోవడానికి చాలా ప్రయత్నించాను. పెడళ్లు ఊడదీసి మామూలువి బిగించాను. దుకాణాయన వద్దంటున్నా వినకుండా ఆ సోకుల సైకిలుకు ఇనుప క్యారేజీ వేయించాను. నా మొహం మీద పడవలసిన గంజి అది. అద్దం ముందు గడ్డం గీసుకున్నప్పుడల్లా, మచ్చ లేని నా చెంప మీద నాకే కోపం వచ్చేది.

చెయ్యి మానింది. తోలు మాత్రం బిగుసుకుపోయింది, వేళ్లు సగం దాకా వంగి ఆగిపోయేవి. తర్వాతి ఏడు అవ్వ ఎడమచేత్తో పత్తి ఏరుతుంటే చూశాను. ఎట్లుందవ్వా అని ఎన్నిసార్లు అడిగినా మంచిగనే ఉంది అనేది. నేను అడిగినప్పుడల్లా ఆ చెయ్యి కొంగు కింద దాచుకునేది.

రాష్ట్రం వచ్చిందన్న రోజు సైకిలేసుకుని తండాకు పోయాను. డప్పులు, గులాల్, రోడ్డంతా ఎరుపు. ఆ రోజు వంటావార్పు పెట్టిన చోటే అందరూ చేరారు. అవ్వ నన్ను దూరం నుంచే చూసి పిలిచింది. పళ్లెంలోంచి గులాల్ చిటికెడు తీయబోయింది. వేళ్ల మధ్య నిలవక జారిపోయింది. ఎడమచేత్తో పెట్టవ్వా అన్నాను.

"మంచి రోజు బిడ్డా. గా చెయ్యితోని పెట్టద్దు."

కుడి అరచేతిని పళ్లెంలో అద్ది, నా నుదుటికి రాసింది. ఆ తోలు గరుకు నాకు తగిలింది. ఏడుపు ఆగలేదు. చుట్టూ ఉన్నవాళ్లు రాష్ట్రం వచ్చిన సంతోషమనుకుని నా వీపు తట్టారు.

అంతలో ఎవరో జై తెలంగాణ అని అరిచారు. అందరి చేతులూ లేచాయి. అవ్వ చెయ్యి కూడా లేచింది. అన్నీ పిడికిళ్లే, ఆమెది తప్ప. మూయాలని వేళ్లను బలంగా వంచుతోంది, అవి సగంలోనే ఆగిపోతున్నాయి. నా వైపు చూసి నవ్వింది. నేనూ చెయ్యి ఎత్తాను గానీ పిడికిలి బిగించలేకపోయాను.