భీమక్క కాచిన మీసో సూప్

గండికోట దగ్గర భూపేష్ గెస్ట్‌హౌస్‌లో భీమక్క వంట చేసేది, నేను గిన్నెలు తోమేదాన్ని. ఆమెది ఆదోని పక్క పల్లె. మొగుడు చిన్న ఈరన్న నాపరాళ్ళ గనిలో నడుము విరిగి మంచం పట్టాడు. వంటగది వెనకాలే గది ఇచ్చారు కాబట్టి, పొయ్యి మీద ఎసరు పెట్టి పరుగెత్తి ఆయన్ను పక్కకు తిప్పి వచ్చేది. అలాంటి పని ఇంకెక్కడ దొరుకుతుంది? ఆ గది పోతే ఆ మనిషిని ఎక్కడ పడుకోబెట్టాలి?

అది తెలిసే బెదిరించాడు భూపేష్.

"బెంగుళూరు నుంచి తనూజ మేడమ్ వస్తాండాది. పాలు, పెరుగు, నెయ్యి ఏదీ ముట్టదు. పసుపేసిన మీసో నూడుల్స్ సూప్ కావాలంట. తేడా వచ్చిందా, సాయంత్రానికి గది ఖాళీ చేయాల."

ఏం నోరో అది, మనిషి కష్టం చూసి కూడా!

మీసో అంటే సోయా గింజలు పులియబెట్టిన ముద్దంట. భూపేష్ తెచ్చిచ్చిన డబ్బా మూత తీయగానే నేను ముక్కు మూసుకున్నాను. భీమక్క ఫోనులో వీడియో మళ్ళీ మళ్ళీ చూసింది.

"ఇది చెడిపోయిందేమోనే! ఇంగొకటి యాడ తెచ్చేది?" అంది ఏడుపు గొంతుతో. నాకేం తెలుసు, నా మొహం!

మైదుకూరు పసుపు కొమ్ము దంచి, అల్లం, క్యారెట్‌తో మరిగించింది. నూడుల్స్ ఉడికాక కిందికి దించి మీసో కలిపింది. వాసనే మారిపోయింది, నాకే నోరూరింది. గిన్నె అందుకుని తీసుకెళ్ళి తనూజ ముందు పెట్టి వచ్చాను.

వచ్చేసరికి భీమక్క నెయ్యి చెంచా పట్టుకుని బిగుసుకుపోయి ఉంది. వాళ్ళ ఆదోని వైపు, ఇంటికొచ్చిన మనిషికి పెట్టేదాని మీద నేతిచుక్క పడాల్సిందే, లేకపోతే పెట్టినవాళ్ళకు పరువు తక్కువ. అలవాటైన చెయ్యి, నేను గిన్నె అందుకోకముందే వేసేసింది.

"నోరు మూసుకో అక్కా. ఆమెకేం తెలుస్తుంది? ఈరన్నను తలుచుకో" అని బతిమాలాను.

"ఆయప్ప లేచి నడవాలని నేను ఉల్లిగడ్డ ఇడిసిపెట్టినా. నాకు తెలీకుండా ఎవురన్నా తినిపిస్తే? ఆమె నియమం ఆమెది గదా" అని బయటికి పోయింది. ఆ క్షణాన ఆమె మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను వెంట పోయి చూస్తే, తనూజ అప్పటికే సగం తినేసింది. "చాలా బాగుందక్కా" అని నవ్వింది.

"తినొద్దు తల్లీ. చెయ్యి అలవాటులో నెయ్యేసినా" అని భీమక్క చేతులు జోడించింది.

తనూజ చెంచా కింద పెట్టేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అరిచినా బాగుండేది. "ముందే చెప్పాను కదండీ" అని అక్కడే నిలబడ్డ భూపేష్‌తో చెప్పి లేచిపోయింది. భూపేష్ వంటగదిలోకి వచ్చాడు. "సాయంత్రానికి" అన్నాడు, అంతే.

భీమక్క మిగిలిన సూప్ గిన్నెలో పోసుకుని గదిలోకి వెళ్ళింది. ఆమె వెనకే నేనూ వెళ్ళాను. పొద్దుటి నుంచి వాసన పీలుస్తూ పడుకున్నాడేమో, ఈరన్న ఆత్రంగా నోరు తెరిచాడు. ఆమె తల కింద చెయ్యి పెట్టి లేపి తాగించింది.

"మేడమ్ తినిందా?"

"తినింది. బాగుందనింది."

"శానా బాగుండాదే! ఇట్లా చేసేదాన్ని వాళ్ళు యాడికీ పోనియ్యరులే" అన్నాడు ఈరన్న సంబరంగా.

భీమక్క ఇంకో చెంచా నోటికందించింది.