సులోచన మేడం పట్టుకున్న కాలు

ఫలూదా కోసం మా కోడలు నానబెట్టిన చైనా గ్రాస్‌ను, అదే సముద్రపు నాచుతో చేసే జెల్లీ పోగులను, నిన్న కదపబోయాను. చల్లగా, జారుడుగా వేళ్లకు తగలగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఒకప్పుడు నా అరికాలి పుండు మీద వేసిన పట్టీ తడిసి అలాగే బంకగా మారేది. ఆ వెంటనే సులోచన మేడం గుర్తొచ్చారు.

గిద్దలూరు దగ్గరి బడిలో ఆమె హెడ్‌మిస్ట్రెస్, నేను టీచర్‌ని. షుగర్‌ను నిర్లక్ష్యం చేయడంతో అరికాలు మొద్దుబారి, చెప్పులో మేకు గుచ్చుకున్నా తెలియలేదు. పుండు పెరిగి వాసన మొదలైంది. ముందు బెంచీ పిల్లలు ముక్కుకు పుస్తకాలు అడ్డం పెట్టుకోవడం చూసిన రోజే, కారణం చెప్పకుండా సెలవు పెట్టి ఇంట్లో దాక్కున్నాను. మేడం వెతుక్కుంటూ వచ్చారు. కాలు చీర కుచ్చిళ్ల కిందికి లాక్కున్నాను.

“ఏంది తల్లీ, అట్ల దాచిపెడితే మానుతాదా? లే, మార్కాపురం పోదాం.”

ఆసుపత్రిలో డాక్టరు పుండు కడుగుతుంటే సిగ్గుతో కాలు వెనక్కి లాక్కోబోయాను. మేడం కుర్చీ దగ్గరికి లాక్కుని నా మడమను తన ఒడిలో పెట్టుకున్నారు. అంత పెద్దావిడ నా కాలు పట్టుకోవడం! తల దించేసుకున్నాను.

“వద్దు మేడం, మీ చీర...”

“ఉతికితే పోతాది. నువ్వు కదలొద్దు.”

డాక్టరు దూదిలాంటి తెల్లటి పట్టీ పరిచాడు. “ఇది సముద్రపు నాచులో దొరికే ఒకరకం చక్కెరతో చేసిందమ్మా. పుండులో ఊరే నీళ్లు పీల్చుకుని బంకగా అవుతుంది. తీసేటప్పుడు కొత్త చర్మం ఊడి రాదు.”

“నన్ను ఇంతకు తెచ్చింది చక్కెరే కదండీ!” అన్నాను.

“ఇది వేరు, రక్తంలో కలవదు. కానీ పట్టీ ఒక్కటే మాన్పదు. షుగర్ అదుపులో ఉండాలి, కాలు కింద మోపకూడదు.”

పుండు నెమ్మదిగా పూడింది. పట్టీ మార్చిన ప్రతిసారీ మేడం తోడొచ్చారు. ఒక్కసారీ ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. ఆమెకు సిగ్గన్నదే తెలియదనుకున్నాను.

రిటైరయ్యాక ఆమె పక్షవాతంతో మంచం పట్టారని తెలిసి చూడటానికి వెళ్లాను. నడుము కింద పుండు పడింది. పట్టీ మార్చడానికి వాళ్ల చెల్లెలు నన్ను సాయానికి పిలిచింది. మేడం దుప్పటి గట్టిగా పట్టుకుని గోడవైపు తిరిగారు.

“నువ్వు బయటికి పో తల్లీ. నువ్వు మాత్రం చూడొద్దు.”

“మీరు నా కాలు చూసినారు గదా మేడం.”

మేడం మెల్లగా దుప్పటి మీద పట్టు వదిలారు. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

చెప్పుల దుకాణంలో కాలు చాపాలంటే నాకిప్పటికీ సిగ్గే. ఆమెకూ ఆ సిగ్గుండేదని ఆ రోజు తెలిసింది. అప్పటినుంచి, ఎవరైనా పుండు దాచుకుంటే, నా సిగ్గు పోకపోయినా దానితోనే వాళ్ల పక్కన కూర్చోగలుగుతున్నాను.